బోర్లించిన పళ్ళెం

తాళాలాయన చేతికి లొంగని తాళం ఊళ్ళో లేదని అందరూ అనేవారు. ఉత్త పొగడ్త కాదది. తాళంచెవి పోగొట్టుకున్న కొట్టువాళ్ళూ, గదిలో పిల్లాడు గడియ వేసుకుంటే గుండెలు బాదుకునే తల్లులూ, ఇనప్పెట్టె ముందు చతికిలబడ్డ షావుకార్లూ, అందరూ ఆయన గుమ్మంలోనే నిలబడేవారు. ఆయన తొందరపడేవాడు కాదు. తాళానికి చెవి ఆనించి, సన్నటి ఊచ లోపలికి పోనిచ్చి, చంటిపిల్లకి కథ చెబుతున్నట్టు ఏదో గొణిగేవాడు. కాసేపటికి టక్ మనేది.

"తాళం మొండిది కాదురా. దానికో వరస ఉంటుంది. లోపల పిన్నులు పెద్దా చిన్నా నిలబడి ఉంటాయి. ముందు లేవాల్సింది ముందు లేవాలి, వెనక లేవాల్సింది వెనక లేవాలి. ఒక్కటి వరస తప్పిందా, ఏనుగొచ్చి లాగినా రాదు," అని కొడుక్కి చెప్పేవాడు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మనిషికి తన పనిలో తెలిసిన ఒక్క సంగతిని లోకానికంతా అంటగట్టాలని దురద. వడ్రంగికి ప్రతి మనిషిలోనూ వంకరే కనిపిస్తుంది, దర్జీకి ప్రతి ఒంట్లోనూ కొలతే కనిపిస్తుంది. తాళాలాయన తన ఇంటి భోజనాన్ని తాళంలా బిగించాడు. ఇంటి యజమాని తిని, లేచి, చెయ్యి కడుక్కోవాలి. ఆ తరవాతే పిల్లలు. అంతవరకూ వాళ్ళ పళ్ళేలు బల్ల మీద బోర్లించి ఉండాలి. వాటిని తిప్పాల్సింది ఆయనే. పిల్లలు ముట్టుకోకూడదు, తల్లి అసలే ముట్టుకోకూడదు.

బోర్లిస్తే ఏది ఎవరిదో తెలియదు కదా, అందుకని పళ్ళేల అడుగున ఆకురాయితో గుర్తులు గీశాడు. అవి నీలం అంచున్న తెల్లటి పింగాణీపూత పళ్ళేలు. కొడుకు పళ్ళెం అడుగున తాళంచెవి. కూతురి పళ్ళెం అడుగున పిట్ట. ఆ పిల్ల పిట్టంతే ఉండేది, పిట్టంతే తినేది, అందుకే పిట్ట అనే పిలిచేవాళ్ళు. దాని పళ్ళేనికి అంచు దగ్గర గోరంత పూత ఎగిరిపోయింది. నాన్న వచ్చేదాకా ఆ పెచ్చు మీద వేలు రాస్తూ కూర్చునేది.

ఇదంతా ముప్ఫయ్యేళ్ళ నాటి మాట.

ఇప్పుడు ఆయన కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోడలు కంటాసుపత్రిలో కళ్ళజోళ్ళకి నంబర్లు చూస్తుంది. వాళ్ళకొక కూతురు, ఆరేళ్ళది, పేరు బుల్లి. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. "తాతా, నీకూ లేవు, నాకూ లేవు, మనిద్దరం ఒక జట్టు," అని ముసలాయన ఒళ్ళో ఎక్కి కూర్చునేది. భార్య పోయాక ఈ ఇంటికొచ్చిన ముసలాయనకి లోకంలో మిగిలింది ఆ ఊడిన పళ్ళ నవ్వొక్కటే.

వచ్చిన రోజే కొడుకు ఒక షరతు పెట్టాడు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"నా కూతురు ఆరింటికి తింటుంది నాన్నా. నువ్వు తిన్నా తినకపోయినా, నేనొచ్చినా రాకపోయినా. ఆ ఒక్క విషయంలో నువ్వు నోరెత్తావంటే, మళ్ళీ దాని మొహం చూడవు."

ముసలాయన తలూపాడు. అంతకుముందు తల అడ్డంగా తప్ప నిలువుగా ఊపడం ఎరగని మనిషి.

ఆ సాయంత్రం కొడుకూ కోడలూ ఒక పెళ్ళి విందుకి వెళ్ళాలి. పాపని తాతకి ఒప్పజెప్పి వెళ్ళడం అదే మొదటిసారి. కోడలు చెప్పులు వేసుకుంటూ మూడోసారి చెప్పింది.

"ఆరింటికి మావయ్యా. అన్నం గిన్నెలో ఉంది, కూర వెచ్చబెట్టండి చాలు. మా పాప గులాబీరంగు ప్లాస్టిక్ పళ్ళెంలో తప్ప తినదు, అది అలమరలోనే ఉంది."

"చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నావు కదమ్మాయ్, గుర్తుంటుందిలే."

కొడుకు గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఆరు," అన్నాడు. తలుపు లాగేసి వెళ్ళిపోయాడు.

అయిదూ ముప్పావుకి ముసలాయన కూర వెచ్చబెట్టాడు. వంటింటి కిటికీలోంచి ఎదుటి మేడల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. కింద ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు. పాప కొళాయి దగ్గర చేతులు కడుక్కుని భోజనాల గదిలోకి పరిగెత్తింది. అక్కడ ఎవరితోనో గుసగుసలాడుతోంది. పిల్లలన్నాక బొమ్మలతో మాట్లాడుకుంటారు. గోడలతోనూ మాట్లాడుకుంటారు. ఆయన నవ్వుకున్నాడు.

గిన్నెలు పట్టుకుని వచ్చేసరికి పాప కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా పళ్ళెం బోర్లించి ఉంది. గులాబీరంగు పళ్ళెం కాదది. తెల్లటిది, నీలం అంచుది. అంచు దగ్గర గోరంత పెచ్చు. అడుగున, బల్బు వెలుతురులో మెరుస్తూ… పిట్ట.

ముసలాయన గిన్నెలు బల్ల మీద పెట్టడం మరిచిపోయాడు.

ఆ పళ్ళెం సంగతి చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన ఒక కొట్లో ఇనప్పెట్టె తెరవడానికి వెళ్ళాడు. అది మూడు గంటలు తిప్పలు పెట్టింది. ఇంటికొచ్చేసరికి తొమ్మిది. పిట్ట బోర్లించిన పళ్ళెం మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతి మీదే చెంప ఆనించి నిద్రపోతోంది. భార్య తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"దానికి ఒళ్ళు కాలిపోతోందండీ. ఏడింటికే జావ కాచాను. మీరొస్తారని… మీరు తినందే తిప్పకూడదని…"

ఆయన అలసిపోయి ఉన్నాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆకలి పక్కవాళ్ళనీ ఎరగదని మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన కాళ్ళు కడుక్కుని, కూర్చుని, నింపాదిగా తిన్నాడు. లేచి చెయ్యి తుడుచుకుంటూ, "నిద్రపోయినవాళ్ళని లేపి పెట్టక్కర్లేదు. పొద్దున తింటుందిలే," అన్నాడు. పదేళ్ళ కొడుకు బల్లకి అటు కూర్చుని అంతా చూస్తున్నాడు. వాడి పళ్ళెం ఆయన తిప్పాడు. పిట్ట పళ్ళెం తిప్పలేదు.

పొద్దున పిట్ట లేవలేదు.

జ్వరం తలకెక్కిందనీ, జావ తాగినా తాగకపోయినా అంతేననీ డాక్టరు అన్నాడు. ఆ మాటని ముసలాయన ముప్ఫయ్యేళ్ళు కర్రలా పట్టుకుని నడిచాడు. భార్య ఎన్నడూ నిలదీయలేదు. ముందు ఆయనకే వడ్డించేది, అంతకుముందులాగే. ఒక్కటే చేసేది. రోజూ ఆ పిట్ట పళ్ళెం ఆయన పక్కన బోర్లించి పెట్టేది. నెల్లాళ్ళకి ఆయన దాన్ని చెక్కపెట్టెలో పడేసి, తన చేతులతో చేసిన తాళం వేశాడు. దానికి ఒకటే తాళంచెవి. మెడలో తాడుకి కట్టుకున్నాడు. అప్పుడు భార్య ఒక్క మాట అంది.

"మీరు తిని లేచేదాకా ఆగమన్నారు, ఆగింది. ఇంకా ఆగే ఉంటుంది."

ఇప్పుడు ఆయన గిన్నెలు బల్ల మీద దించాడు. "ఈ పళ్ళెం ఎవరిచ్చారు తల్లీ?"

"చిన్నత్త."

"ఏ చిన్నత్త?"

"నాకు అత్తంట. నా అంతే ఉంది తాతా! అయినా అత్త అనాలంట." పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తనకీ ముందు పళ్ళు లేవు. తనూ మన జట్టే."

పిట్ట గురించి ఈ ఇంట్లో ఎవరూ పలకరు. గోడ మీద ఫొటో కూడా లేదు.

ఆయన తన గదిలోకి వెళ్ళి మంచం కింది పెట్టె లాగాడు. తాళం వేసే ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు. చెవి మెడలోనే ఉంది. నాలుగుసార్లు తప్పి అయిదోసారి తెరిచాడు. అడుగున పాప గులాబీరంగు పళ్ళెం ఉంది. బోర్లించి.

తిరిగొచ్చేసరికి గోడగడియారం ఆరు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది. "అన్నం తిందాం రా," అంటూ ఆయన పిట్ట పళ్ళేన్ని పట్టుకుని ఎత్తబోయాడు.

అది రాలేదు.

రెండు చేతులతో లాగాడు. బల్ల లేచింది గాని పళ్ళెం లేవలేదు. గదిలోంచి పనిముట్ల సంచి తెచ్చి, రేకులో కూడా దూరే సన్నటి బద్దని అంచు కింద దూర్చబోయాడు. వెంట్రుక పట్టే సందు కూడా దొరకలేదు. ఊళ్ళో ప్రతి ఇనప్పెట్టెనీ తెరిచిన చేతులవి. ఆరేళ్ళ పిల్ల పళ్ళెం ముందు ఓడిపోయాయి.

ఇంకో పళ్ళెంలో అన్నం కలిపి పాప నోటి దగ్గర పెట్టాడు. పాప పెదాలు బిగించింది.

"ఒక్క ముద్ద తల్లీ. మీ నాన్న నన్ను చంపేస్తాడు."

"నువ్వు తిని లేచాకే మేం."

"మేం… ఎవరు?"

పాప పక్క కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీ కొంచెం వెనక్కి లాగి ఉంది. చిన్నపిల్ల పట్టేంత.

"చిన్నత్త ఎప్పటినుంచో ఆగుతోందంట," అని గుసగుసగా చెప్పింది. "పాపం కదా తాతా. నేనూ ఆగుతా."

పాప నుదుటి మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది.

కొడుక్కి ఫోను చేద్దామని తీశాడు. ఏమని చెప్పాలి? పాప ఆరింటికి తినలేదని చెప్పాలి. ఎందుకు తినలేదంటే నేను తినలేదని చెప్పాలి. వాడు నమ్ముతాడా? ముసలాయన పాత బుద్ధి మానలేదనుకుంటాడు. ఆ ఆలోచనలోనే పావుగంట పోయింది. మొండితనం చచ్చినా దాని నీడ చావదు. చివరికి చేశాడు. మోగింది, మోగింది… ఎవరూ ఎత్తలేదు. పెళ్ళి విందులో ఎవరికి వినిపిస్తుంది?

సరే, తినేస్తే పోతుంది కదా! గబగబా వడ్డించుకుని కూర్చున్నాడు. నాలుగు ముద్దలు మింగాడు. పది మింగాడు. గొంతుకి అడ్డం పడితే నీళ్ళు తాగి మళ్ళీ మింగాడు. కడుపు బిగిసింది, ఆయాసం వచ్చింది. పళ్ళెంలోకి చూశాడు.

అన్నం కుప్ప… అలాగే ఉంది.

ఏడు కొట్టింది.

వంటింట్లోంచి వాసన వస్తోంది. పొయ్యి ఆర్పే ఉంది, అయినా వాసన వస్తోంది. చాలాసేపటి కిందట కాచి, మూతపెట్టి, ఎవరూ తాగకుండా వదిలేసిన జావ వాసన. అడుగంటి, చల్లారి, మీద మీగడలా పొర కట్టిన జావ…

ఎక్కడో గోరు గీకుతున్న చప్పుడు. పింగాణీపూత పెచ్చు మీద. గీక్… గీక్… పాప చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పళ్ళెం నెట్టేసి లేచి నిలబడ్డాడు. "అయిపోయింది! నేను తిన్నాను! లేచాను!" అని అరిచాడు. వెళ్ళి చెయ్యి కూడా కడుక్కున్నాడు. వచ్చి లాగాడు. పళ్ళెం కదల్లేదు. ఉత్తుత్తి చెవికి ఏ తాళం తెరుచుకుంటుంది?

ఎనిమిదైంది. పాప తల వాలిపోతోంది. అరచెయ్యి తీసి పళ్ళెం మీద పెట్టుకుంది. ఆ చేతి మీద చెంప ఆనించింది.

"నిద్రపోకు! బుల్లీ, నిద్రపోకమ్మా… తాతని చూడు… మన జట్టు కదా!"

నుదురు కాలుతోంది. కనురెప్పలు మూతపడుతున్నాయి.

ముసలాయన మోకాళ్ళ మీద కూలబడి పళ్ళేనికి చెవి ఆనించాడు. అలవాటు. లోపల ఊపిరి తీస్తున్న చప్పుడు. చిన్నది, వేడిది, ఓపిక పట్టినది.

వరస… ముందు లేవాల్సింది ముందు లేవాలి. ఆయన బుద్ధికి అప్పటికి తట్టింది. ముప్ఫయ్యేళ్ళుగా వరస తప్పి నిలబడ్డ పిన్ను తనే.

లేచాడు. తన పళ్ళెంలోని అన్నం తీసుకెళ్ళి గిన్నెలో వంచేశాడు. ఖాళీ పళ్ళేన్ని తెచ్చి తన ముందు బోర్లించాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పిల్లలు కూర్చున్నట్టు. పక్క కుర్చీ వైపు చూసే ధైర్యం లేదు.

"పిట్టా," అన్నాడు. ఆ పేరు నోట పలికి ముప్ఫయ్యేళ్ళైంది. "నువ్వు తిను తల్లీ. ముందు నువ్వు. నువ్వు తిని లేచాకే… నేను."

గోరు చప్పుడు ఆగింది.

టక్.

అది ఆయనకి తెలిసిన చప్పుడు. తాళం నాలుక వెనక్కి జరిగిన చప్పుడు.

పాప కళ్ళు తెరిచి, పళ్ళెం తనే తిప్పి, "ఆకలేస్తోంది తాతా, పెట్టు," అంది. ఆ పళ్ళెంలోనే వడ్డించాడు. వడ్డించి కళ్ళు మూసుకున్నాడు. చూడకపోవడమే మంచిదనిపించింది. ఒక పక్క నుంచి పాప నమిలే చప్పుడు, ఊడిన పళ్ళ సందుల్లోంచి. ఇంకో పక్క నుంచి… నమలడం కాదది. గుటకలు. ఎప్పుడూ అన్నం ఎరగనట్టు, ఎవరో లాక్కుంటారన్నట్టు, గుటక మీద గుటక. అవి ఎంతకీ ఆగలేదు.

తొమ్మిది దాటాక కొడుకూ కోడలూ వచ్చారు. పాప లోపల మంచం మీద హాయిగా నిద్రపోతోంది. ముసలాయన భోజనాల బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బోర్లించిన పళ్ళెం, దాని మీద అరచెయ్యి.

కోడలు ముందు పాప దగ్గరికి పరిగెత్తింది. "ఒళ్ళు చల్లగానే ఉంది. పొట్ట నిండుగా ఉంది, బాగా తిన్నట్టుంది," అని లోపల్నించే చెప్పింది.

కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. "ఫోన్ చేశావు, ఏంటి? నువ్వు తినలేదా? ఎవరి మీద ఈ అలక?"

"మెల్లిగా మాట్లాడు. ఇంకా తిని లేవలేదు."

"ఎవరు?"

ముసలాయన గడ్డంతో ఎదురుగా చూపించాడు. అప్పుడు చూశాడు కొడుకు. బల్లకి అటు వైపు నీలం అంచు పళ్ళెం, నాకినట్టు శుభ్రంగా ఉంది. అంచు దగ్గర పెచ్చు. అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. పదేళ్ళ వయసులో ఆ రాత్రి బల్ల మీద చూసిన పళ్ళెం అది. తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కాలోంచి కాలింది.

"నాన్నా… నీకు జ్వరంగా ఉంది."

"నిద్రొస్తోందిరా," అన్నాడు ముసలాయన. తల మెల్లిగా వాలి, చెంప ఆ చేతి మీద ఆనింది.

"పడుకోకు! నాన్నా, పడుకోకు. జావ కాస్తాను, రెండు గుక్కలు తాగి పడుకో…" తండ్రి మీద ముప్ఫయ్యేళ్ళుగా మోసిన కోపం ఎటు పోయిందో అతనికే తెలియదు. ఆ చెయ్యి పక్కకి తీసి, పళ్ళేన్ని పట్టుకుని తిప్పబోయాడు.

రాలేదు. లిఫ్టు తాళ్ళు లాగే చేతులతో లాగాడు. బల్ల లేచింది.

అప్పుడు లోపలి గదిలోంచి చిన్నపిల్ల గొంతు వినిపించింది. నిద్రమత్తుగా, నింపాదిగా, కడుపు నిండిన గొంతు.

"నిద్రపోయినవాళ్ళని లేపి పెట్టక్కర్లేదు. పొద్దున తింటాడులే."

కొడుకు పళ్ళెం వదిలేశాడు. "పాప లేచిందా?" అని అరిచాడు.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తలుపు చెక్కని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి.

"లేదండీ… నేను దాని మొహమే చూస్తున్నాను… పెదాలు కదల్లేదు."